హిస్టియోసైటోసిస్ అని తేలితే: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లు సరైన ఆసుపత్రి దారి ఎలా పట్టాలి

రిపోర్టులో "లాంగర్‌హాన్స్ సెల్ హిస్టియోసైటోసిస్" అని రాసి ఉంటే ఇంటిల్లిపాదీ ఆ పేరు వినడం అదే మొదటిసారి అయ్యుంటుంది. మీ పిల్లవాణ్ని చూసిన డాక్టరు గారు కూడా తన సర్వీసు మొత్తంలో ఇలాంటివి ఒకటో రెండో చూసి ఉంటారు. అది ఆయన తప్పు కాదు. పిల్లల్లో ఈ జబ్బు ఏడాదికి పది లక్షల మందిలో సుమారు నలుగురైదుగురికి వస్తుంది. అంత అరుదైనదానికి మన ఊళ్లోనే అన్నీ దొరకవు, నిజమే. అలాగని ఇల్లూ వాకిలీ వదిలేసి ఏడాదిపాటు వేరే ఊళ్లో కాపురం పెట్టాల్సిన పనీ లేదు.

నేను నెల్లూరు పొగతోటలో ఒక పాథాలజీ ల్యాబులో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఆపరేషన్ థియేటర్లో రోగి ఒంట్లోంచి పరీక్ష కోసం తీసిన ముక్కల సీసాలు అందుకునేది మేమే. నేను డాక్టర్ని కాను కాబట్టి మందుల మోతాదులు చెప్పను. ఏ పని ముందు చెయ్యాలి, ఏ కాగితం పోగొట్టుకోకూడదు, ఎవరిని ఏం అడగాలి అన్నవి చెప్తాను. అన్నిటికన్నా ముఖ్యం ఇది: వైద్యం ఎలా చెయ్యాలో తేల్చేది ఈ జబ్బు తెలిసిన ఒక పెద్దాసుపత్రి అవ్వాలి, ఆ వైద్యాన్ని నడిపించేది ఇంటికి దగ్గరున్న డాక్టరు అవ్వాలి. ఆ ఇద్దరినీ కలిపి ఉంచే బాధ్యత మీది.

ముందు జబ్బు గురించి నాలుగు మాటలు

మన ఒంట్లో రోగక్రిములతో పోరాడే తెల్లకణాల్లో హిస్టియోసైట్లు ఒక తెగ. అవి అదుపు తప్పి ఎముకలోనో, చర్మంలోనో, ఊపిరితిత్తుల్లోనో, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలోనో చేరితే వచ్చే జబ్బుల గుంపు ఇది. పిల్లల్లో ఎక్కువగా చూసేది లాంగర్‌హాన్స్ రకం, దాన్ని డాక్టర్లు ఎల్‌సీహెచ్ అంటారు. మెడ మీద నొప్పి లేని పెద్ద బిళ్లలు కట్టేది రోజాయ్-డార్ఫ్‌మన్. నడివయసు దాటినవాళ్లలో రెండు మోకాళ్ల దగ్గరి ఎముకలూ నొప్పి పెట్టేది ఎర్డ్‌హైమ్-చెస్టర్. నాలుగోది హెచ్‌ఎల్‌హెచ్, అంటే రోగంతో పోరాడే కణాలే అదుపు తప్పి ఒళ్లంతటి మీదా దాడి చేసే జబ్బు, దాని దారి పూర్తిగా వేరు. కింద విడిగా చెప్పాను, అది మాత్రం తప్పకుండా చదవండి.

ఎల్‌సీహెచ్ అంటువ్యాధి కాదు. మేనరికం వల్ల వచ్చేదీ కాదు. కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఏదో తిన్నందుకు వచ్చేది అంతకన్నా కాదు. ఆ పిల్లల్లో సగం మందికి పైగా కణాల్లో బీఆర్‌ఏఎఫ్ అనే జన్యువులో ఒక మార్పు కనబడుతుందని 2010లో బయటపడింది. అది పుట్టుకతో తల్లిదండ్రుల నుంచి వచ్చేది కాదు, తర్వాత ఆ కణాల్లో మాత్రమే వచ్చిన మార్పు. బంధువుల్లో ఎవరైనా ఆ తల్లిని ఒక్క మాట అంటే ఈ సంగతి గట్టిగా చెప్పండి.

ఎప్పుడు అనుమానించాలి

విడివిడిగా చూస్తే ఈ లక్షణాలన్నీ మామూలువే. చిన్నపిల్లల తల మీద చుండ్రులాంటి పొలుసులు, పొక్కులు. ఎన్ని చుక్కల మందులు వేసినా ఆగని చెవి చీము. నుదుటి మీదో తల మీదో మెత్తటి గడ్డ. ఒక కన్ను ముందుకు తోసుకు రావడం. పాలపళ్లు ఊడే వయసు రాకుండానే ఊగడం. విపరీతమైన దప్పిక, రాత్రి నాలుగైదుసార్లు ఒంటేలు. వీటిలో రెండు మూడు ఒకే బిడ్డలో కలిసి కనిపిస్తే, లేదా ఒకటే ఉన్నా నెలలు గడిచినా తగ్గకపోతే, చెవికి ఒక డాక్టరు, చర్మానికి ఒక డాక్టరు, పంటికి ఒక డాక్టరు అని తిరక్కండి. ఒకే పిల్లల డాక్టరు దగ్గర అన్నీ ఒకేసారి చెప్పండి. ముక్కలు ముక్కలుగా చెబితే ఎవరికీ పూర్తి బొమ్మ కనబడదు.

కనిగిరి, పొదిలి వైపు వాళ్లకు ఒక మాట. మన నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది కాబట్టి పంటి తేడాలన్నీ దాని మీదకే నెట్టేయడం అలవాటైంది. ఫ్లోరైడ్ వల్ల పళ్లు గారపడతాయి, రంగు మారతాయి. రెండేళ్ల బిడ్డ దవడ పళ్లు ఊగిపోతుంటే అది ఫ్లోరైడ్ పని కాదు, దవడకు ఎక్స్‌రే తీయించండి.

తల మీద గడ్డకు పసరు కట్టడం, శెగగడ్డ అనుకుని కోయించడం, వాతలు పెట్టించడం వద్దు. ముందు ఎక్స్‌రే తీయించాలి. పుర్రె ఎముకలో గుండ్రటి చిల్లులా కనిపిస్తే తర్వాతి పని ముక్క పరీక్ష, అంటే బయాప్సీ.

ముక్క తీసే రోజు

ఈ జబ్బు ఔనా కాదా అని తేల్చేది బయాప్సీనే. సూదితో కాస్త నీరు లాగి చూసే ఎఫ్‌ఎన్‌ఏసీ దారి చూపిస్తుందేమో గాని, దాని మీద ఆధారపడి ఏడాది కీమో మొదలుపెట్టకూడదు. మెడ బిళ్లల విషయంలో మరీ జాగ్రత్త. మన దగ్గర మెడ మీద బిళ్ల అనగానే ముందు టీబీ మందులు మొదలవుతాయి. టీబీ ఎక్కువ కాబట్టి ఆ అనుమానం సహజమే. కానీ ముక్క తీసి చూడకుండా మొదలుపెట్టి, రెండు నెలలకూ బిళ్ల తగ్గకపోతే, "ఒకసారి బయాప్సీ చేయిద్దామా సార్" అని మీరే అడగండి.

ముక్క తీసే ముందు సర్జన్ గారిని రెండు విషయాలు అడగండి. ఒకటి, ముక్కను 10 శాతం ఫార్మలిన్‌లో (ముక్క పాడవకుండా ఉంచే ద్రవం) వేస్తున్నారా అని. చిన్న నర్సింగ్‌హోముల్లో సీసా మనవాళ్ల చేతికే ఇచ్చి ల్యాబుకు పంపిస్తారు. ఆ సీసాలో ముక్క సెలైన్‌లోనో స్పిరిట్‌లోనో ఉంటే పాడైపోతుంది. ముక్క పూర్తిగా మునగాలి, ద్రవం ముక్కకు పదింతలు ఉండాలి, మూత మీద కాకుండా సీసా మీద పేరు, వయసు, తేదీ, ఎక్కడి నుంచి తీశారో రాసి ఉండాలి. మూత మీద రాసిన పేరు, మూత మారితే మారిపోతుంది.

రెండోది ఎముక ముక్క తీసినవాళ్లకు మాత్రమే, కానీ చాలా అవసరం. ఎముక గట్టిగా ఉంటుంది కాబట్టి కోయడానికి వీలుగా ల్యాబులో దాన్ని యాసిడ్‌లో నానబెడతాం. ఆ ఘాటు యాసిడ్ ముక్కలోని డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. తర్వాత బీఆర్‌ఏఎఫ్ పరీక్షకు పంపిస్తే "సాంపిల్ పనికిరాదు" అని తిరిగొస్తుంది. అప్పుడు పసిబిడ్డకు మళ్లీ మత్తు, మళ్లీ ఆపరేషన్. అందుకని రిక్వెస్ట్ ఫారం మీద "హిస్టియోసైటోసిస్ అనుమానం, జన్యు పరీక్ష అవసరం పడవచ్చు" అని డాక్టరు చేత రాయించండి. ఆ మాట చూస్తే మేం ఎముకతో పాటు వచ్చిన మెత్తటి భాగాన్ని యాసిడ్ తగలకుండా విడిగా ఉంచుతాం, లేదా నెమ్మదిగా పనిచేసే ఈడీటీఏ వాడతాం. రెండు మూడు రోజులు ఆలస్యమైనా మేలే.

రిపోర్టు వచ్చాక అందులో సీడీ1ఏ, లాంగెరిన్, ఎస్100 అనే పేర్లు ఉన్నాయో లేదో చూసుకోండి. లాంగెరిన్‌నే కొన్ని రిపోర్టుల్లో సీడీ207 అని రాస్తారు. ఇవి ముక్క మీద రంగులు వేసి చేసే అదనపు పరీక్షలు. సీడీ1ఏ గాని లాంగెరిన్ గాని పాజిటివ్ వస్తేనే ఎల్‌సీహెచ్ అని ఖాయం చేస్తారు. అవి లేని రిపోర్టుతో కీమో మొదలుపెడదాం అంటే, "ఆ రంగుల పరీక్ష అయ్యాక చేద్దాం సార్" అని మర్యాదగా అడగండి.

మైనం దిమ్మ మీ ఆస్తి

స్లైడ్ కోసం ముక్కను మైనంలో పోతపోసి చిన్న దిమ్మగా చేస్తాం. అగ్గిపెట్టెకన్నా చిన్న ప్లాస్టిక్ చట్రం, దాని మీద తెల్లటి మైనం, మధ్యలో గోధుమరంగు చుక్కలా మీ బిడ్డ ముక్క, అంచున పెన్సిల్‌తో రాసిన నంబరు. దాన్నే బ్లాక్ అంటారు. పెద్దాసుపత్రిలో మళ్లీ పరీక్ష చెయ్యాలన్నా, రెండేళ్ల తర్వాత కొత్త మందు వాడదామా అని చూడాలన్నా అదే ఆధారం. రిపోర్టు కాగితం ఒక్కటి పట్టుకెళ్తే, "బ్లాక్, స్లైడ్లు తెచ్చారా" అని అడిగి వెనక్కి పంపుతారు.

ల్యాబులో తెల్లకాగితం మీద అర్జీ రాసిచ్చి, ఆధార్ జిరాక్సు పెట్టి, సంతకం చేసి బ్లాకూ స్లైడ్లూ తీసుకోండి. స్లైడ్లకు ప్లాస్టిక్ పెట్టె అడగండి. బ్లాకును చిన్న జిప్ కవరులో వేసి, బిడ్డ పేరు రాసి, చేతిసంచిలో పెట్టుకోండి. రోహిణి కార్తె ఎండల్లో కారు అద్దం దగ్గరో, బస్సు డిక్కీలోనో పెడితే మైనం మెత్తబడి పాడవుతుంది. పెద్దాసుపత్రిలో ఇచ్చినప్పుడు రసీదు తీసుకోండి, పని అయ్యాక తిరిగి అడిగి తెచ్చుకోండి.

ఆగకూడని సందర్భం: హెచ్‌ఎల్‌హెచ్

వారం దాటినా దిగని జ్వరం, స్ప్లీన్ (ప్లీహం) పెరగడం, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్‌లో రెండైనా పడిపోతూ ఉండటం కలిసి కనిపిస్తే, "ఫెరిటిన్ చూశారా సార్" అని అడగండి. అది ఒక రక్త పరీక్ష. 500 దాటితే అది హెచ్‌ఎల్‌హెచ్‌కు పెట్టిన ఎనిమిది గుర్తుల్లో ఒకటి. ఐదు కలిస్తే ఆ జబ్బు అంటారు. దీంట్లో ఫెరిటిన్ వేలల్లోకి పోవడం చూస్తుంటాం. డెంగీ తర్వాతా, స్క్రబ్ టైఫస్ తర్వాతా కూడా ఇది రావచ్చు. ఆ రెండూ మన జిల్లాలకు కొత్తవి కావు. డెంగీ తగ్గే రోజులు వచ్చినా జ్వరం తగ్గకుండా కణాలు పడిపోతుంటే ఊరికే ప్లేట్‌లెట్లు ఎక్కిస్తూ కూర్చోకూడదు.

ఇది గంటల లెక్కన ముదిరే జబ్బు. అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, బ్లాకు కోసం ఆగకండి. పిల్లల ఐసీయూ, రక్తజబ్బుల డాక్టరు ఇద్దరూ ఉన్నచోటికి, ముందు ఫోన్ చేయించి, ఆక్సిజన్ ఉన్న అంబులెన్సులో తీసుకెళ్లండి.

దీంట్లో పుట్టుకతో వచ్చే రకం ఒకటి ఉంది. దానికి మాత్రం మేనరికంతో సంబంధం ఉంది, ఎక్కువగా తల్లీ తండ్రీ ఇద్దరి దగ్గర్నుంచీ దెబ్బతిన్న జన్యువు వచ్చినప్పుడు బిడ్డకు వస్తుంది. ఇంట్లో ఇంతకుముందు ఏ పసిబిడ్డైనా కారణం తెలియని జ్వరంతో చనిపోయి ఉంటే ఆ సంగతి దాచకుండా డాక్టరుకు చెప్పండి. ఎంత బాధగా ఉన్నా చెప్పండి. వైద్యం ఆ మాట మీదే మలుపు తిరగవచ్చు. ఈ రకానికి బోన్‌మ్యారో (ఎముక మజ్జ) మార్పిడి అవసరం పడుతుంది. తోబుట్టువుల్ని దాతలుగా ఎంచేముందు వాళ్లకూ జన్యు పరీక్ష చేస్తారు.

ఎక్కడికి వెళ్లాలి

పిల్లలకైతే పీడియాట్రిక్ హెమటో-ఆంకాలజిస్టు, అంటే పిల్లల రక్తజబ్బులూ క్యాన్సర్లూ చూసే డాక్టరు, ఉన్న చోటు చూసుకోండి. పెద్దవాళ్లకు హెమటాలజిస్టు (రక్తజబ్బుల డాక్టరు) లేదా మెడికల్ ఆంకాలజిస్టు (మందులతో క్యాన్సర్ వైద్యం చేసే డాక్టరు). ఊపిరితిత్తులకు వచ్చిన రకమైతే ఛాతీ డాక్టరు కూడా కావాలి. ఆ రకం ఎక్కువగా పొగతాగేవాళ్లలోనే వస్తుంది, చాలామందికి పొగ మానేయడంతోనే జబ్బు నెమ్మదిస్తుంది.

నెల్లూరు నుంచి ఎక్కువమంది వెళ్లేది వేలూరు సీఎంసీకి, లేదా చెన్నై అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కి. వేలూరుకు రైల్లో కాట్పాడిలో దిగాలి. కాకినాడ నుంచి బెంగళూరు వెళ్లే శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఒంగోలు, నెల్లూరు మీదుగా కాట్పాడి పోతుంది. సీఎంసీకి ఇప్పుడు రాణిపేట దగ్గర మరో ప్రాంగణం ఉంది, అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఏ ప్రాంగణమో అడిగి తెలుసుకోండి. లేకపోతే నీరసంగా ఉన్న బిడ్డతో ఒకచోట దిగి ఇంకోచోటికి ఉరకాల్సి వస్తుంది. చెన్నైకి పినాకిని ఎక్స్‌ప్రెస్ ఉండనే ఉంది.

మార్కాపురం, గిద్దలూరు వాళ్లకు దక్షిణానికి దిగడం కన్నా గుంటూరు వైపు వెళ్లడమే వీలు. మార్కాపురం రోడ్డు స్టేషన్ నుంచి నేరుగా రైలుంది. గుంటూరు జీజీహెచ్‌లో నాట్కో క్యాన్సర్ సెంటర్, ఆ పక్కనే మంగళగిరి ఎయిమ్స్ ఉన్నాయి. హైదరాబాద్ వెళ్లేవాళ్లకు ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్. క్యాన్సర్ ఆసుపత్రి అనగానే బెదిరిపోకండి. ఈ జబ్బుకు మందులు తెలిసినవాళ్లు అక్కడే ఉంటారు, అంతే.

ఎక్కడికెళ్లినా ఫోన్ చేసినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "మీ దగ్గర ఎల్‌సీహెచ్ పిల్లలు వైద్యంలో ఉన్నారా?" ఉన్నారు అంటే అదే మీ చోటు.

మొదటిసారి వెళ్లినప్పుడు

కనీసం వారం ఉండేలా బట్టలు, డబ్బు సర్దుకోండి. జబ్బు ఎక్కడెక్కడ ఉందో చూడటానికి రక్త పరీక్షలు, లివర్ పరీక్షలు, పొట్ట స్కాన్, ఒళ్లంతా ఎముకల ఎక్స్‌రేలు లేదా పెట్-సీటీ, అవసరమైతే మెదడుకు ఎంఆర్‌ఐ చేస్తారు. లివర్, స్ప్లీన్, బోన్‌మ్యారో ఈ మూడింటినీ రిస్క్ అవయవాలంటారు. వాటిలో జబ్బు లేకపోతే పిల్లలు దాదాపు అందరూ బతుకుతారు. డాక్టరును ముందుగా అడగాల్సిన ప్రశ్న ఇదే: "రిస్క్ అవయవాల్లో ఉందా సార్?"

ఒకే ఎముకలో చిన్నది ఉంటే గీకి తీసేసి, లేదా ముట్టుకోకుండా కనిపెట్టుకుని ఉండటమే సరిపోవచ్చు. "మందే ఇవ్వలేదు, ఇంకో ఆసుపత్రికి పోదాం" అని తొందరపడకండి. జబ్బు ఎక్కువచోట్ల ఉంటే మామూలుగా విన్‌బ్లాస్టిన్ ఇంజెక్షను, ప్రెడ్నిసొలోన్ మాత్రలు. మొదటి ఆరు వారాలు వారానికొకసారి, తర్వాత మూడు వారాలకొకసారి, మొత్తం సుమారు ఏడాది. తగ్గినట్టు కనిపించగానే మధ్యలో ఆపేస్తే జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. దీనికి లొంగనివాళ్లకు వేరే మందులున్నాయి. బీఆర్‌ఏఎఫ్ మార్పు ఉన్నవాళ్లకు ఆ మార్పునే అడ్డుకునే మాత్రలున్నాయి. వాటిలో వెమురాఫెనిబ్‌ను ఎర్డ్‌హైమ్-చెస్టర్‌కు అమెరికాలో 2017లో అనుమతించారు. అవి ఖరీదైనవి, ఆపగానే జబ్బు మళ్లీ తలెత్తడం కూడా ఎక్కువ. అందుకే ఎవరో వాట్సాప్‌లో పంపారని మీరుగా అడిగి మొదలుపెట్టేవి కావు.

ఇంటి దగ్గర ఇంజెక్షన్లు

బయల్దేరేముందు పెద్దాసుపత్రి డాక్టరును అడగండి: "వారం వారం రాలేం సార్, మా ఊళ్లో ఇప్పించుకునేలా ఉత్తరం రాసిస్తారా?" చాలామంది రాసిస్తారు. ఆ ఉత్తరంలో మందు పేరు, బిడ్డ బరువు, ఎత్తు, మోతాదు, ఏ తేదీల్లో ఇవ్వాలి, ఏ రక్త పరీక్ష చూసి ఇవ్వాలి, కణాలు ఎంతకు పడితే ఆపాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి అన్నవన్నీ ఉండాలి. నెల్లూరులో రెడ్‌క్రాస్ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, కీమో ఇచ్చే మరికొన్ని ఆసుపత్రులున్నాయి. ఉత్తరం చూపించి ముందే మాట్లాడి పెట్టుకోండి.

ఇచ్చే ప్రతిసారీ సీసా మీద పేరు మీరే చదవండి. విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ వినడానికి ఒకేలా ఉంటాయి, మోతాదులు మాత్రం వేరు. ఇది నరంలోకి మాత్రమే ఇవ్వాల్సిన మందు. నరం బయటికి జారితే చర్మం కాలినట్టు పుండు పడుతుంది. బిడ్డ మంట అని ఏడిస్తే "కొంచెం ఓర్చుకో నాన్నా" అనకండి, వెంటనే ఆపించండి.

కీమో నడుస్తుండగా 100.4 జ్వరం వచ్చిందంటే పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోకండి. ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లి, "కీమోలో ఉన్న బిడ్డ" అని మొదటి మాటగా చెప్పండి. ప్రెడ్నిసొలోన్ మీ అంతట మీరు ఆపకండి. టీకాల కార్డు డాక్టరుకు చూపించండి. బతికున్న క్రిములతో చేసే టీకాలు, అంటే తట్టు టీకాలాంటివి, వైద్యం నడిచేటప్పుడు వెయ్యరు.

నీళ్ల లెక్క

పిట్యూటరీకి జబ్బు సోకితే ఒంట్లో నీళ్లు నిలవవు. బిడ్డ బిందెలు బిందెలు తాగుతుంది, అంతా పోసేస్తుంది. దీన్నీ డయాబెటిస్ అనే అంటారు గానీ చక్కెరతో దీనికి సంబంధం లేదు, తీపి మానిపించనక్కర్లేదు. అనుమానం వస్తే ఒక రోజు లెక్క రాయండి. లీటరు సీసా ఒకటి తాగడానికే కేటాయించండి, ఎన్నిసార్లు నింపారో గోడ మీద గీతలు పెట్టండి. ఒంటేలు ఒక కొలత మగ్గులో పట్టి ప్రతిసారీ టైముతో సహా రాయండి. డైపరు వేసే బిడ్డైతే పొడిదాన్ని, తడిదాన్ని వంటింటి తూకంలో తూచి తేడా రాయండి. ఆ ఒక్క కాగితం చూస్తే డాక్టరుకు సగం విషయం అర్థమవుతుంది.

నీళ్లు మాత్రం కట్టేయకండి. "ఎక్కువ తాగితే ఎక్కువ పోస్తుంది, తగ్గిద్దాం" అనుకోవడం ఈ జబ్బులో ప్రాణం మీదికి తెస్తుంది, మన ఎండాకాలంలో మరీ. నీళ్లు ఆపి చూసే పరీక్ష ఒకటుంది, అది ఆసుపత్రిలో డాక్టరు కళ్లముందే జరగాలి. మందు డెస్మోప్రెస్సిన్ మొదలయ్యాక లెక్క మారుతుంది. అప్పుడు అవసరానికి మించి తాగినా సోడియం పడిపోతుంది. ఎంత తాగించాలో, మందు ఫ్రిజ్‌లో పెట్టాలో వద్దో అడిగి రాసుకోండి. బడిలో టీచరు గారికి ఉత్తరం ఇవ్వండి, నీళ్లకూ బాత్రూముకూ అడ్డు చెప్పకుండా.

డబ్బు సంగతి

ఎన్టీఆర్ వైద్యసేవ కింద వస్తుందా అన్నది ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి, లేదా 104కు ఫోన్ చెయ్యండి. "హిస్టియోసైటోసిస్‌కు కీమోథెరపీ" అని పేరు పెట్టి అడగండి. ఎముక గడ్డ అని చెబితే వేరే ప్యాకేజీలో వెతుకుతారు. రాష్ట్రం బయటి ఆసుపత్రి అయితే అది ఈ పథకంలో ఉందో లేదో వెళ్లకముందే తేల్చుకోండి. ముఖ్యమంత్రి సహాయనిధికి ఎమ్మెల్యే గారి ఆఫీసు ద్వారా అర్జీ పెట్టాలి. ఒరిజినల్ బిల్లులు అడుగుతారు కాబట్టి ఇచ్చేముందు అన్నీ జిరాక్సు తీసుకోండి. పెద్ద ఖర్చు ముందుందని తెలిస్తే ఎస్టిమేటు తీసుకుని ఎల్‌ఓసీకి, అంటే ఖర్చు తాము కడతామని ప్రభుత్వం ఆసుపత్రికి ముందుగా ఇచ్చే హామీ ఉత్తరానికి, ముందే అడగండి. రైల్లో క్యాన్సర్ రోగుల రాయితీ ఫారం ఆసుపత్రిలోనే సంతకం చేసిస్తారు. దానితో స్లీపరు, థర్డ్ ఏసీలో రోగికి టికెట్ ఉచితం, తోడు వెళ్లేవాళ్లకు 75 శాతం తగ్గింపు. ఈ ఫారం గురించి ఎవరూ పిలిచి చెప్పరు, మీరే అడగాలి.

మందులు అయిపోయాక

ఏడాది పూర్తయి స్కాన్ బాగుందన్నాక కూడా ఫైలు అటకెక్కించకండి. ఈ జబ్బు తిరిగొస్తే ఎక్కువగా మొదటి రెండేళ్లలో వస్తుంది. దప్పిక జబ్బు మాత్రం ఏళ్ల తర్వాత కూడా బయటపడవచ్చు. ఆరునెలలకోసారి ఎత్తు కొలిచి రాయండి. చెవికి జబ్బు వచ్చిన పిల్లలకు వినికిడి పరీక్ష, దవడకు వచ్చినవాళ్లకు పళ్ల డాక్టరు చూడటం తప్పనిసరి. నడకలో తూలడం, చదువులో అకస్మాత్తుగా వెనకబడటం గమనిస్తే పెద్దాసుపత్రికి చెప్పండి. బ్లాకు మీ దగ్గరే ఉంటే బీరువాలో చల్లగా ఉండే అరలో పెట్టండి, దాని నంబరు ఫైలు మొదటి పేజీలో రాసిపెట్టుకోండి.